పస్కా కంటే ముందే ఈస్టర్ ఎలా వచ్చింది? (సమాధానం)

యేసు పునరుత్థానం యూదుల పండుగ పస్కా తర్వాతే కదా, మరి 2024లో ఈస్టర్ మార్చి 31నే వచ్చేసి, పస్కా ఏప్రిల్ 22 సాయంత్రం మొదలవడమేంటని అడిగారు. మంచి ప్రశ్న అండీ. మీ క్యాలెండర్ తప్పేమీ కాదు, తేడా అంతా అధికమాసంలో ఉంది.

పస్కా యూదుల నీసాను నెల 15న, అంటే పౌర్ణమి రోజుల్లో వస్తుంది. చాంద్రమాన సంవత్సరం సూర్యుడి లెక్కకు సుమారు 11 రోజులు తక్కువ. అలా వదిలేస్తే పండుగ చలికాలంలోకి జారిపోతుంది. తోరా (యూదుల ధర్మశాస్త్రం) మాత్రం దాన్ని వసంతంలోనే చేయమంటుంది. అందుకే 19 ఏళ్లలో 7 సార్లు, మన పంచాంగంలో లాగే, నీసానుకు ముందు వచ్చే అదారు నెలను అదనంగా ఒకసారి కలుపుతారు. యూదుల 5784వ సంవత్సరంలో ఆ నెల పడింది, పస్కా ఆలస్యంగా వచ్చింది.

చర్చి దీన్ని చూడదు. దాని పట్టికలో మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమిని తీసుకుని, దాని తర్వాతి ఆదివారం ఈస్టర్ చేస్తుంది. 2024లో ఆ పౌర్ణమి మార్చి 25, సోమవారం. కాబట్టి 31న ఈస్టర్. 2016లోనూ ఇదే జరిగింది, 2027లో మళ్లీ చూస్తారు: ఈస్టర్ మార్చి 28న, పస్కా ఏప్రిల్ 21 సాయంత్రం నుంచి.