డీఎస్‌ఏ అంకె ఒక్కో ల్యాబ్‌లో ఒక్కోలా వస్తోంది, ఏది నమ్మాలి?

ప్రశ్న: నా వయసు 38. ఇద్దరు పిల్లలు. రెండేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నాను. మావారు కిడ్నీ ఇస్తానంటున్నారు. డీఎస్‌ఏ పరీక్షలో ఒక ల్యాబ్‌లో 3,200, నెల తిరక్కుండా ఇంకో ల్యాబ్‌లో 1,400 వచ్చింది. ఏది నిజం? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఓ సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, రెండూ నిజమే కావచ్చు. అది షుగర్‌లా మిల్లీగ్రాముల లెక్క కాదు. డీఎస్‌ఏ అంటే కిడ్నీ ఇచ్చేవారి హెచ్‌ఎల్‌ఏకి (కణాల మీద గుర్తింపు చీటీల్లా ఉండే ప్రొటీన్లు) వ్యతిరేకంగా మీ రక్తంలో ఉండే యాంటీబాడీ. హెచ్‌ఎల్‌ఏ ప్రొటీన్లు అతికించిన సన్నని పూసల్లో మీ సీరమ్ (రక్తం గడ్డకట్టాక పైన తేలే పల్చటి ద్రవం) కలుపుతారు, మీవారి హెచ్‌ఎల్‌ఏకి వ్యతిరేకంగా మీలో యాంటీబాడీ ఉంటే అది వెళ్లి పూసకు అంటుకుంటుంది, దాన్ని పట్టుకునే మెరిసే రంగు వేసి, లేజర్ కింద ఎంత వెలిగిందో మిషన్ చదువుతుంది. మీ రిపోర్టులో ఎంఎఫ్‌ఐ అని ఉన్నది ఆ వెలుగే. కిట్ మారినా, కడిగే తీరు మారినా అంకె మారిపోతుంది. ఒక్కోసారి యాంటీబాడీ మరీ ఎక్కువైనా అంకె తక్కువ చూపిస్తుంది, సీరమ్‌ను పల్చన చేసి మళ్లీ చూస్తేనే బయటపడుతుంది.

అన్ని ల్యాబ్‌లకూ ఒకే తూకం రాయి లేకపోవడమే అసలు చిక్కు. పరీక్ష సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి పాజిటివ్ కంట్రోల్‌గా వాడేది సాధారణంగా యాంటీబాడీలు బాగా ఉన్న చాలామంది సీరమ్ కలిపిన మిశ్రమం, ఆ సీసా అయిపోతే అచ్చం అలాంటిది మళ్లీ దొరకదు. ఎలుక కణాల నుంచి తీసే యాంటీబాడీ అయితే ఎంత కావాలంటే అంత తయారవుతుంది, 1978 నాటి డబ్ల్యూ6/32 అనే అలాంటి యాంటీబాడీ క్లాస్-1 అనే రకం హెచ్‌ఎల్‌ఏలన్నిటినీ పట్టుకుంటుంది కూడా. కానీ పరీక్షలో వాడే రంగు మనిషి ఐజీజీ రకం యాంటీబాడీని వెతుక్కుంటుంది, ఎలుకదాన్ని కాదు. అందుకే పట్టుకునే కొసలు ఎలుకవి ఉంచి, మిగతా భాగం మనిషిది పెట్టి కైమెరిక్ యాంటీబాడీలు చేస్తున్నారు. మీరు పేరు విని ఉంటారు, రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ (యాంటీబాడీలు తయారవడానికి మూలమైన బీ-సెల్ కణాలను తగ్గించే మందు) కూడా ఇలాంటిదే. వీటిని మైక్రోగ్రాముల్లో తూచి ల్యాబ్‌లకు పంపితే, ఇంత యాంటీబాడీకి మా మిషన్ ఇంత వెలుగు చూపిస్తోందని ఎవరికి వారు సరిచూసుకోవచ్చు. నాకు ఈ పని మీద చాలా ఆశ ఉంది. అయితే ఇది ల్యాబ్ కోసం, మీకిచ్చే మందు కాదు.

మీ విషయానికొస్తే, కడుపులో బిడ్డకు సగం హెచ్‌ఎల్‌ఏ తండ్రిదే కాబట్టి కాన్పుల తర్వాత భర్త మీద యాంటీబాడీ రావడం మామూలే, మీ తప్పేం లేదు. కానీ క్రాస్‌మ్యాచ్ (మీ సీరమ్‌ను మీవారి కణాలతో కలిపి చూసే పరీక్ష) లేకుండా ముందుకెళ్లొద్దు. 1969లో పటేల్, టెరసాకి అనే పరిశోధకులు చెప్పిన కిడ్నీ మార్పిడుల లెక్కలో క్రాస్‌మ్యాచ్ పాజిటివ్‌గా ఉన్న 30 మార్పిడుల్లో 24 వెంటనే పోయాయి, నెగెటివ్‌గా ఉన్న 195లో పోయినవి 8. సీడీసీ, ఫ్లో అనే రెండు రకాల క్రాస్‌మ్యాచ్‌లూ చేయించండి. రిటుక్సిమాబ్ తీసుకుని ఉంటే ల్యాబ్‌కు ముందే చెప్పండి, బీ-సెల్ క్రాస్‌మ్యాచ్ తప్పుగా పాజిటివ్ వస్తుంది. ఇకపై ఆపరేషన్ చేసే ఆసుపత్రి చెప్పిన ఒక్క ల్యాబ్‌లోనే డీఎస్‌ఏ చూపించుకోండి. మీవారిది కుదరకపోతే మీలాంటి మరో జంటతో స్వాప్ మార్పిడికి మన చట్టం ఒప్పుకుంటుంది, అడగడానికి మొహమాటపడొద్దు.

ఈసారి వెళ్లేటప్పుడు రెండు రిపోర్టులతో పాటు, రక్తం ఎక్కించుకున్న తేదీలు, అబార్షన్లు ఏమైనా అయితే అవి కూడా కాగితం మీద రాసి తీసుకెళ్లండి.