కొత్త బ్యాటరీ వారంలోనే దిగిపోతుంటే

నమస్కారమండీ. మీ 1999 నాటి 100 సీసీ కిక్ స్టార్ట్ బండికి కొత్త బ్యాటరీ వేయించినా వారంలోనే హారన్ మూగబోతోందని, ఇండికేటర్లు వెలగడం లేదని, హెడ్‌లైట్ మాత్రం బాగానే ఉందని రాశారు. ఆ కాలపు చిన్న బండ్లలో చాలావాటికి హెడ్‌లైట్ బ్యాటరీతో సంబంధం లేకుండా, ఇంజిన్ తిరిగేటప్పుడు మాగ్నెట్ కాయిల్ నుంచి వచ్చే ఏసీ కరెంటుతోనే వెలుగుతుంది కాబట్టి, లోపం ఛార్జింగ్ వైపు ఉందని నా అనుమానం. దయచేసి ఇంకో బ్యాటరీ కొనకండి.

మల్టీమీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి బ్యాటరీ టెర్మినళ్ల వద్ద చూడండి. నిండుగా ఛార్జయిన 12 వోల్టుల బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉండగా సుమారు 12.6 చూపాలి; ఇంజిన్ నడుపుతూ యాక్సిలరేటర్ పెంచినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్యకు చేరాలి. చేరకపోతే రెగ్యులేటరును (మాగ్నెట్ కరెంటును డీసీగా మార్చి, వోల్టేజీని అదుపు చేసి బ్యాటరీకి పంపే భాగం) నిందించే ముందు దాని కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) విప్పి, పిన్నులకు పట్టిన పచ్చని చిలుమును, ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ బోల్టు కింద పెయింటును, తుప్పును గీకి శుభ్రం చేయండి. నా పాత బండిలో రెండు రెగ్యులేటర్లు మార్చాక దొరికిన దొంగ ఈ తుప్పే. రీడింగు 15 దాటితే మాత్రం రెగ్యులేటరును, దాని ఎర్త్‌నే అనుమానించాలి.

ఛార్జింగ్ సరిగ్గా ఉంటే, బండి ఆగి ఉన్నప్పుడు కరెంటు ఎక్కడైనా కారిపోతోందేమో చూడాలి: తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, ఆ వైరుకూ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ మధ్యలో మీటరును ఆంపియర్లలో కలపండి. అప్పుడు కిక్ కొట్టవద్దు. ఇటువంటి బండిలో రీడింగు దాదాపు సున్నా ఉండాలి. లేకపోతే కప్లర్లను ఒక్కొక్కటిగా విప్పుతూ, ఏది విప్పితే రీడింగు పడిపోతుందో గమనించండి.