పాఠకుల ప్రశ్నలు: దిగేటప్పుడు ఏ కిటికీ పక్కన కూర్చోవాలి?

ప్రశ్న: మా అత్తగారికి డెబ్బై మూడేళ్లు. ఆవిడ పుట్టి పెరిగింది గోపాలపూర్‌లో, మెట్టింది బరంపురంలో. ఇంతవరకు విమానం ఎక్కలేదు. ఈ కార్తీక మాసంలో హైదరాబాదులోని మా మరిదిగారి ఇంటి నుంచి ఆవిడను విమానంలో తీసుకురావాలనుకుంటున్నాము. "సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూడడమే గాని పైనుంచి ఎలా ఉంటుందో చూడలేదే అమ్మాయ్" అని ఆవిడ కోరిక. విశాఖపట్నంలో దిగి రైలెక్కవచ్చు, భువనేశ్వర్‌లో దిగీ రావచ్చు. సీటు ఎంచుకోవడానికి వేరే రుసుము కట్టమంటున్నారు. కడితే ఏ వైపు సీటుకు కట్టాలి?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, మీరు అడిగినది ఒక ప్రశ్నే అయినా అందులో రెండున్నాయి. ఏ ఊళ్లో దిగాలన్నది తేలితే గాని ఏ వైపు కూర్చోవాలన్నది తేలదు. సముద్రం అనగానే అందరూ విశాఖ పేరే చెబుతారు. మీ అత్తగారి విషయంలో నేను మాత్రం భువనేశ్వర్ వైపే మొగ్గుతాను. కారణం కాస్త వివరంగా చెప్పవలసి ఉంది.

కళ్లంలో తూర్పారబట్టే రైతు ముందుగా గాలివాలు చూసుకున్నట్లే, విమానాన్ని దించేవారు కూడా గాలి ఎటునుంచి వీస్తున్నదో చూసుకొని, వీలైనంతవరకు దానికి ఎదురుగా దిగేటట్లు రన్‌వే రెండు కొసలలో ఒకదానిని ఎంచుకుంటారు. ఎదురుగాలి ఉంటే విమానం నేల మీద తక్కువ వేగంతో, తక్కువ దూరంలో ఆగుతుంది. రన్‌వే కొసల మీద రాసి ఉండే పెద్ద అంకెలు ఆ దిక్కును సూచించేవే; దిక్సూచి డిగ్రీలలో చివరి సున్నాను తీసివేసి రాస్తారు. విశాఖ రన్‌వే అంకెలు 10, 28. అంటే ఒక కొస నుంచి దిగే విమానం ముఖం ఇంచుమించు తూర్పుకు, రెండవ కొస నుంచి దిగే విమానం ముఖం పడమటికి ఉంటుంది. ఒకే ఊరు, ఒకే సీటు అయినా, ఈ రెండింటిలో ఏది జరిగితే దానిని బట్టి మీ కిటికీలో సముద్రమో, కొండలో కనబడతాయి.

విశాఖలో గాలి పడమటి నుంచి వీచిన రోజున, హైదరాబాదు నుంచి వచ్చిన విమానం నగరం దాటి సముద్రం మీదికి వెళ్లి, అక్కడ మళ్లుకొని, నీళ్ల మీదుగా తీరం వైపు దిగివస్తుంది. అప్పుడు ఎడమవైపున డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పాదం దగ్గర ఓడరేవు ముఖద్వారం, లంగరు వేసిన ఓడలు కనబడతాయి. కుడివైపున రామకృష్ణా బీచ్, కైలాసగిరి ఉంటాయి. రెండింటిలో ఎడమవైపే నాకు ఎక్కువ ఇష్టం. అయితే కార్తీకం నాటికి నైరుతి గాలులు వెనక్కి తగ్గి, మన తీరంలో ఈశాన్యపు గాలి మొదలవుతుంది. ఆ గాలికి విశాఖలో తూర్పు ముఖంగా దిగడమే అనుకూలం. అలా దిగేటప్పుడు విమానం అనకాపల్లి వైపు నుంచి నేరుగా వచ్చి వాలిపోతుంది. ఎడమ కిటికీలో సింహాచలం కొండ, మేఘాద్రిగెడ్డ జలాశయం కనబడతాయి. చూడదగినవే గాని, సముద్రం కోసం వచ్చిన మనిషికి అవి ఎంత ఊరట ఇస్తాయో మీకే తెలియాలి.

ఇక భువనేశ్వర్ సంగతి. హైదరాబాదు నుంచి అక్కడికి విమానం ఈశాన్యంగా వెళుతుంది. చిలికా సరస్సు ఆ దారికి ఆగ్నేయాన, అంటే కుడివైపున ఉంటుంది. విమానం గమ్యానికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉండగానే కిందికి దిగడం మొదలుపెడుతుంది కనుక, చిలికా పక్కకు వచ్చేసరికి ఎత్తు బాగా తగ్గి ఉంటుంది. రన్‌వేకి ఏ కొస నుంచి దిగినా, అంతకు ముందు చిలికాను కుడి పక్కన ఉంచుకొనే రావాలి. గాలి ఎలా ఉన్నా చెడని ఏర్పాటు ఇదొక్కటే, అందుకే దీనికి ఓటు వేశాను. వానాకాలంలో వెయ్యి చదరపు కిలోమీటర్లకు మించి విస్తరించే ఆ సరస్సు, దాని అంచున సన్నని ఇసుక గట్టు, ఆ గట్టుకు అవతల బంగాళాఖాతం, మూడూ ఒకే చూపులో పడతాయి. సముద్రానికీ ఉప్పుటేరుకూ మధ్య ఆ ఇసుక ఎంత పలచనిదో పైనుంచి చూస్తే తప్ప నమ్మశక్యం కాదు. గోపాలపూర్ మాత్రం కనబడదని ముందే చెప్పి ఉంచండి. అది దారికి చాలా దూరంగా, దక్షిణాన మిగిలిపోతుంది.

భువనేశ్వర్ రన్‌వే అంకెలు 14, 32. అంటే అది వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పరచి ఉంది. ఈశాన్యపు గాలి దానికి ఇంచుమించు అడ్డంగా వీస్తుంది కాబట్టి, ఆ రోజు ఏ కొస నుంచి దింపుతారో ముందుగా చెప్పడం కష్టం. ఆగ్నేయం నుంచి దింపితే మీకు మరో లాభం ఉంది: నేలకు బాగా దగ్గరయ్యాక కుడి కిటికీలోనే లింగరాజ ఆలయ శిఖరం దర్శనమిస్తుంది. కార్తీకంలో విమానంలోంచి శివాలయ దర్శనం అయితే మీ అత్తగారికి ఇక వేరే పుణ్యం అక్కర్లేదు. ధౌళి కొండ మీది తెల్లని శాంతి స్తూపం మాత్రం ఎడమవైపు వారి పాలు అవుతుంది. రెండూ కావాలంటే రెండుసార్లు ప్రయాణించాలి.

కాబట్టి కుడివైపు సీటు తీసుకోండి. మన దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 రకాలలో ముందుకు తిరిగి కూర్చున్నప్పుడు ఎడమ కిటికీ సీటు ఏ, కుడి కిటికీ సీటు ఎఫ్. వేళ కూడా చూసుకోవాలి. కార్తీకంలో ఉదయపు సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు, అంటే సరిగ్గా మీ కుడి కిటికీకి ఎదురుగా. గాజు మీద పడే వెలుగుకు చిలికా అంతా తెల్లని మెరుపుగా మారి ఏమీ తెలియదు. మధ్యాహ్నం మూడు దాటేసరికి సూర్యుడు విమానం తోక వైపుకు చేరుతాడు. సరస్సు మీద పక్క వెలుగు పడి నీటి రంగులు, చేపల కోసం కట్టిన కంచెలు తేటగా కనబడే వేళ అది. అయితే ఆ నెలలో అక్కడ ఐదు దాటీ దాటగానే పొద్దు కుంకుతుంది. మూడున్నరకు, నాలుగున్నరకు మధ్య దిగే విమానం దొరికితే అది ఉత్తమం.

వరుస విషయంలో జనం పొరపాటు పడేది ఎక్కువ. విమానం మధ్యలో, సుమారుగా తొమ్మిదో వరుస నుంచి ఇరవయ్యో వరుస దాకా, కిటికీలోంచి కిందికి చూస్తే రెక్కే కనబడుతుంది. రెక్కకు ముందు వరుసలు అన్నింటికంటే మేలు, కాని రుసుము కూడా వాటికే ఎక్కువ. రెక్కకు బాగా వెనక, చివరి వరుసకు రెండు మూడు వరుసల ముందు కూర్చుంటే డబ్బు కలిసివస్తుంది, చూపుకూ లోటుండదు. వెనక కూర్చోవడంలో నాకు ఇంకో సరదా ఉంది: దిగేటప్పుడు రెక్క వెనక అంచు మెల్లగా కిందికి విచ్చుకోవడం, చక్రాలు నేలను తాకగానే రెక్క పైభాగాన పలకలు లేచి నిలబడడం చూడవచ్చు. అత్యవసర ద్వారాల వరుస విశాలంగా ఉందని దానికి మాత్రం డబ్బు కట్టకండి. పెద్ద వయసు వారిని అక్కడ కూర్చోనివ్వరు.

ఇంకో సంగతి. కిటికీ సీటు అని చెప్పిన చోట కిటికీ ఉండాలని నియమమేమీ లేదు. బోయింగ్ 737లో రెక్కకు కొంచెం ముందు, గాలి గొట్టాలు పోయే చోట ఒక కిటికీని వదిలేస్తారు. నేనొకసారి ఏరికోరి డబ్బు కట్టి, గంటన్నరసేపు తెల్లటి గోడను చూస్తూ ప్రయాణించాను. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. అప్పటినుంచి టికెట్ కొనేటప్పుడు విమానం రకం చూసి, ఆ రకం సీట్ల పటం వెతికి గాని సీటు ఎంచుకోవడం లేదు. విమానాల దారిని చూపే ఫ్లైట్‌రాడార్24 వంటి చోట మీరు ఎక్కబోయే విమానం గత కొద్ది రోజులలో ఏ దారిన వచ్చి ఎటునుంచి దిగిందో కూడా చూడవచ్చు; మీ మరిదిగారు ఆ పని చేసి పెట్టగలరు. మీరు మధ్య సీటులో కూర్చోవలసి వస్తుంది. తప్పదు.

ప్రశ్న: విశాఖలో దిగేటప్పుడు ఫోనుతో వీడియో తీస్తుంటే విమాన సిబ్బంది ఆపమన్నారు. హైదరాబాదులో ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకీ తేడా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: విశాఖ విమానాశ్రయపు రన్‌వే నౌకాదళానిది, అది ఐఎన్ఎస్ డేగ స్థావరం. రక్షణ శాఖ స్థావరాలలో దిగేటప్పుడు, ఎగిరేటప్పుడు ఫొటోలు, వీడియోలు తీయడం నిషిద్ధం. 2025 మే నెలలో పౌర విమానయాన డైరెక్టరేట్ ఇలాంటి విమానాశ్రయాలలో, ముఖ్యంగా పశ్చిమ సరిహద్దు వైపు ఉన్నవాటిలో, పది వేల అడుగుల కంటే దిగువన కిటికీ తెరలు కూడా మూసి ఉంచాలని ఆదేశించింది. కాబట్టి ఆ రోజు సిబ్బంది ఏది చెబితే అదే పాటించండి. మామూలు విమానాశ్రయాలలో సంగతి దీనికి సరిగ్గా తలకిందులు: దిగేటప్పుడు తెరలు ఎత్తి ఉంచమంటారు, బయట మంటో పొగో కనబడితే వెంటనే తెలియడానికి. భోగాపురంలోని కొత్త విమానాశ్రయం వేరే చోటు; పై జవాబులో విశాఖ గురించి నేను చెప్పిన కుడి ఎడమలు అక్కడ వర్తించవు.

ప్రశ్న: రాత్రి విమానంలో హైదరాబాదు వెళుతున్నాను. చీకట్లో కిటికీ సీటుకు డబ్బు దండగ కాదా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: హైదరాబాదుకైతే కాదు. శంషాబాద్ నగరానికి దక్షిణాన ఉంది, రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. అందువల్ల నగరపు దీపాలన్నీ ఉత్తరం వైపు కిటికీలలోనే కనబడతాయి. వానాకాలపు పడమటి గాలిలో పడమటి ముఖంగా దిగితే ఉత్తరం కుడివైపు; శీతాకాలపు తూర్పు గాలిలో తూర్పు ముఖంగా దిగితే ఎడమవైపు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు దీపాలు దండలాగా వంపు తిరిగి ఉండడం పగలు కనబడదు. దిగేముందు లోపలి దీపాలు తగ్గిస్తారు కనుక చూపు కుదురుతుంది. మీ ఫోను తెర వెలిగించుకొని కూర్చుంటే మాత్రం గాజులో మీ ముఖమే కనబడుతుంది.

ప్రశ్న: జయపురం నుంచి విశాఖకు నడిచిన చిన్న విమానం లాంటిదాంట్లో ఏ సీటు మంచిది?
– ఒక పాఠకురాలు, కొరాపుట్

జవాబు: జయపురం నుంచి నడిచిన సెస్నా కారవాన్‌లో ప్రయాణికుల సీట్లు తొమ్మిదే, రెక్క నెత్తిమీద ఉంటుంది. కిందికి చూడడానికి అడ్డం వచ్చేది రెక్కను పట్టి ఉంచే వాలుగా ఉన్న కమ్మీ ఒక్కటే. కాబట్టి ఏ సీటైనా సరే. ఎంచుకునే వీలుంటే విశాఖకు వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చోండి. ఒడిశాలోకెల్లా ఎత్తయిన 1,672 మీటర్ల దేవమాలి శిఖరం ఆ వైపున ఉంటుంది. రెక్క పైన ఉండే ఏటీఆర్ విమానాలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. కాకపోతే వాటిలో ముందు వరుసలవారికి పక్కనే తిరిగే ప్రొపెల్లర్ అడ్డు వస్తుంది. వాటిలో వెనక వరుసలే నయం, ఎక్కే ద్వారం కూడా వెనకే ఉంటుంది.