ఇంటి బీమా: స్థలానికి కాదు, కట్టడానికి

ఈశాన్య రుతుపవనాలు దగ్గరపడేకొద్దీ ఇంటి బీమా గురించి మాకు వచ్చే ఉత్తరాల సంఖ్య పెరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం వార్తలు వింటూ గడపడం నెల్లూరు, ప్రకాశం జిల్లాలవారికి అలవాటే గనుక ఇందులో వింతేమీ లేదు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి సమాధానం ఇస్తున్నాము. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మా ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. గృహరుణం ఇచ్చేటప్పుడు బ్యాంకువారు బీమా పేరిట ఒకేసారి పెద్ద మొత్తం మినహాయించుకున్నారు గదా, నష్టపరిహారం వస్తుందని ధీమాగా ఉన్నాము. తీరా వెళ్లి అడిగితే ఆ బీమా ఇంటికి కాదన్నారు. అదెలా సాధ్యం? ఇప్పుడు కొత్తగా పాలసీ తీసుకోదలచాము. మా స్థలం 24 అంకణాలు, ఇంటి లోపలి వైశాల్యం 1,100 చదరపు అడుగులు. మార్కెట్‌లో 70 లక్షలు పలుకుతుంది గనుక అంత మొత్తానికీ బీమా చేయాలని ఏజెంటు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, కోవూరు

సమాధానం: మీ దగ్గర మినహాయించుకున్నది రుణ రక్షణ బీమా అయివుంటుంది. పేరులో గృహం, రుణం అనే మాటలు కనిపించినా అది నిజానికి ఒక రకమైన జీవిత బీమా. రుణం తీసుకున్న వ్యక్తి మరణిస్తే మిగిలిన అప్పు కుటుంబం మీద పడకుండా తీర్చడం దాని పని. గోడ కూలినా, ఇంట్లోకి ఏరు వచ్చినా దానికి సంబంధం లేదు. రెండింటినీ వేరు చేసి గుర్తుపట్టడం కష్టం కాదు. ఇంటి బీమా పత్రంలో, బీమా చేసిన ఆస్తి అనే చోట మీ డోరు నంబరు, కట్టడం వివరాలు ఉంటాయి; రుణ రక్షణ పత్రంలో మీ వయసు, నామినీ పేరు ఉంటాయి. కొన్ని బ్యాంకులు కట్టడానికి కూడా విడిగా పాలసీ తీయిస్తాయి గనుక, రుణ ఖాతా స్టేట్‌మెంటు తెప్పించి ఏ తేదీన ఏ కంపెనీకి డబ్బు వెళ్లిందో ఒకసారి చూసుకోండి. బీమా అవసరమని బ్యాంకు అడగవచ్చు గాని, ఫలానా కంపెనీ దగ్గరే కొనాలని పట్టుబట్టడానికి వీల్లేదు. అప్పు తీరేదాకా పాలసీలో బ్యాంకు పేరు కూడా ఉంటుంది, పరిహారం ముందుగా వారికే చేరుతుంది అన్నది మాత్రం గుర్తుంచుకోండి.

ఇక 70 లక్షల సంగతి. అంకణం ఇంత అని స్థలం ధర చెప్పుకోవడం నెల్లూరువారికి పుట్టుకతో వచ్చిన లెక్క. 72 చదరపు అడుగుల ఆ అంకణం ధరే మనకు ఇంటి విలువగా తోస్తుంది. బీమా లెక్క వేరు. పెన్నా ఎంత పొంగినా మీ 24 అంకణాల నేల అక్కడే ఉంటుంది గనుక, దానికి బీమా ఉండదు. అదే ఇంటిని అదే చోట మళ్లీ కట్టడానికి ఈ రోజు ఎంతవుతుందో అదే బీమా మొత్తం. లోపలి వైశాల్యాన్ని, అంటే కార్పెట్ ఏరియాను, నిర్మాణ ఖర్చుతో హెచ్చవేయాలి. మీ మేస్త్రీ చదరపు అడుగుకు 2,000 రూపాయలు చెప్పారనుకుంటే 1,100 అడుగులకు 22 లక్షలు. ప్రహరీ గోడ, నీళ్ల సంపు, బయటి స్నానాల గది వంటివి మరో 2 లక్షలు అనుకుంటే మొత్తం 24 లక్షలు. మీ ఏజెంటు 70 లక్షలకు చేయించమనడంలో దురుద్దేశం ఉందో, తెలియనితనం ఉందో నేను చెప్పలేను గాని, ఆ తేడాకు మీరు కట్టే ప్రీమియం మాత్రం దండగ.

మీరు అడగవలసిన పాలసీ పేరు భారత్ గృహ రక్ష. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన ప్రామాణిక పాలసీ ఇది. అగ్ని ప్రమాద బీమా అమ్మే సాధారణ బీమా కంపెనీలన్నీ దీన్ని అందించాలి, షరతులు అన్నిచోట్లా ఒకటే, తేడా ప్రీమియంలోనూ సేవలోనూ ఉంటుంది. అగ్ని, పిడుగు, తుఫాను, వరద, ముంపు, ఉప్పెన, భూకంపం, నేల కుంగడం, నీళ్ల ట్యాంకు పగలడం, అల్లర్లు – ఇవన్నీ మూల పాలసీలోనే ఉన్నాయి. వరదకు వేరే డబ్బు కట్టాలని ఎవరైనా చెబితే నమ్మకండి. కట్టడానికి చేసిన మొత్తంలో 20 శాతం మేర, గరిష్ఠంగా 10 లక్షల దాకా, ఇంట్లోని సాధారణ సామానుకు జాబితా ఇవ్వకుండానే రక్షణ వస్తుంది. మీ విషయంలో అది 4 లక్షల 80 వేలు. మంచాలు, బీరువాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అన్నీ కలిపి అంతకు మించుతాయనుకుంటే జాబితా ఇచ్చి పెంచుకోవచ్చు. బంగారానికి ఈ 20 శాతంలో చోటు లేదు. నగలకు విడిగా ఐచ్ఛిక రక్షణ తీసుకోవాలి. నగల మొత్తం విలువ 5 లక్షల లోపు, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకుండా ఉంటే విలువ ధ్రువపత్రం అక్కరలేదు.

ఈ పాలసీలో నాకు అన్నిటికంటే మంచిదిగా తోచిన అంశం ఒకటుంది. పాత పద్ధతిలో, 24 లక్షల ఇంటికి 12 లక్షలకే బీమా చేసి ఉంటే, 4 లక్షల నష్టం జరిగినా సగం బీమాకు సగమే పరిహారమని 2 లక్షలు చేతిలో పెట్టేవారు. పాలసీ కొన్న ఏడు ఇది ఎవరికీ తట్టదు, నష్టం జరిగిన ఏడు మాత్రమే బోధపడుతుంది. గృహ రక్షలో ఆ కోత తీసేశారు. 4 లక్షల నష్టానికి 4 లక్షలూ ఇవ్వాలి. అయితే ఇల్లంతా పోతే 12 లక్షలకు మించి రాదు గనుక తక్కువకు చేయించడం తెలివి కాదు. పదేళ్ల దాకా ఒకేసారి పాలసీ తీసుకోవచ్చు. దీర్ఘకాలిక పాలసీలో బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున దానంతటదే పెరుగుతుంది. సిమెంటు, ఇనుము ధరల తీరు చూస్తే ఇది అవసరమే.

ఎత్తైన అరుగు మీద కట్టిన ఇల్లా, పల్లంలో ఉన్నదా, ఇంతకుముందు నీళ్లు వచ్చాయా అని దరఖాస్తులో అడిగితే 2021 సంగతి దాచకుండా రాయండి. దరఖాస్తు నింపే పని ఏజెంటుకు వదిలి సంతకం మాత్రం పెట్టి రావడం మన దగ్గర పరిపాటి. నష్టం వచ్చిన రోజున, దాన్ని అంచనా వేయడానికి కంపెనీ తరఫున వచ్చే సర్వేయరు ఆ కాగితాన్నే ముందుగా తీసి చూస్తాడు.

మరొకటి. వరద తీసిన మర్నాడు ఇల్లాలు చేసే మొదటి పని గోడలు కడగడం. ఎవరూ తప్పుపట్టలేని పని అది. కాని గోడ మీద బురదనీరు గీసిన చార చెరిగిపోతే నీళ్లు ఎంత ఎత్తు నిలిచాయో చెప్పే సాక్షి పోతుంది. కడిగే ముందు ప్రతి గదిలో ఆ చార పక్కన కొలత టేపు నిలబెట్టి ఫోటో తీయండి. ఉబ్బిన చెక్క తలుపును, నానిన పరుపును, బురద దిగిన మోటారును సర్వేయరు చూసేదాకా పారేయకండి. శిథిలాల తరలింపు ఖర్చు పరిహారంలో 2 శాతం మేర వస్తుంది గనుక బురద ఎత్తిన కూలీలకు ఇచ్చిన డబ్బుకు చీటీ రాయించుకోండి. ఇల్లు వదిలి పునరావాస కేంద్రానికి వెళ్లినప్పుడు, ఆ ప్రమాదం జరిగిన 7 రోజుల లోపల దాని కారణంగా దొంగతనం జరిగితే అదీ పాలసీలోకి వస్తుంది. మామూలు రోజుల్లో జరిగే దొంగతనం మాత్రం రాదు, దానికి వేరే పాలసీ ఉంది.

ప్రశ్న: ఒంగోలులో మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాము. వరద మా దాకా రాదు. 1967లో వచ్చిన భూకంపం గురించి మా నాన్నగారు చెబుతుండేవారు. దాని కోసం బీమా తీసుకోవాలా? అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఏదో పాలసీ తీసుకుంది, అది చాలదా?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: అమ్మా, మీ నాన్నగారు చెప్పింది 1967 మార్చి 27న వచ్చిన భూకంపం, దాని తీవ్రత 5.4. ఒంగోలు పరిసరాలను భూకంప పటాల్లో మూడో జోన్‌గా, అంటే ఒక మోస్తరు ప్రమాదం ఉన్న ప్రాంతంగా, చూపుతూ వచ్చారు. 2024 డిసెంబరులో ముండ్లమూరు వైపు వరుసగా వచ్చిన ప్రకంపనలు చిన్నవే అయినా, జనం వీధుల్లోకి పరుగులు తీశారు. భయపెట్టడానికి ఇది రాయడం లేదు. పాత అగ్ని బీమాలో భూకంప రక్షణను విడిగా కొనుక్కోవలసి వచ్చేది. గృహ రక్షలో అది మూల పాలసీలో భాగమే గనుక, భూకంపం కోసమని ప్రత్యేకంగా ఏదీ వెతకనక్కరలేదు.

అసోసియేషన్ పాలసీ కాపీ తెప్పించుకుని అందులో ఏమేమి రాశారో చదవండి. మెట్లు, లిఫ్టు, ప్రహరీ, నీళ్ల ట్యాంకు వంటి ఉమ్మడి భాగాలకే తీసుకుని ఉంటే మీ ఫ్లాటు దాని కిందికి రాదు. మొత్తం భవనానికి తీసుకుని ఉన్నా మీ ఇంట్లోని సామాను, మీరు సొంతంగా చేయించుకున్న చెక్కపని అందులో ఉండవు. భవనానికి వారి పాలసీ సరిపోతే మీరు సామానుకు మాత్రమే విడిగా తీసుకోవచ్చు, ఒకే కట్టడానికి రెండు పాలసీలు తీసుకున్నా నష్టానికి మించి పరిహారం రాదు. వరద రాదన్నారు గాని, పై అంతస్తులో పైపు పగిలి మీ పడకగది తడవవచ్చు. ఆ నష్టానికి పాలసీ వర్తిస్తుంది. ఏళ్ల తరబడి స్లాబు నుంచి ఊరే చెమ్మకు వర్తించదు. ఫ్లాటు నివాసయోగ్యం కాకుండా పోతే మరమ్మతులు పూర్తయ్యేదాకా బయట ఉండటానికి అయ్యే అద్దె కూడా పాలసీలో ఉంది.

ప్రశ్న: ఇంటి ముందుగదిలో కిరాణా కొట్టు నడుపుతున్నాము. ఇంటికి బీమా చేస్తే కొట్టుకూ వర్తిస్తుందా?
— ఒక పాఠకుడు, సింగరాయకొండ

సమాధానం: వర్తించదు. గృహ రక్ష నివాసానికి ఉద్దేశించినది. కొట్టులోని బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు ఇంటి సామాను కిందికి రావు. అలాంటి చిన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ అదే 2021 ఏప్రిల్‌లో వచ్చింది. ఒకచోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్లు మించనివారందరికీ అదే. ముందుగది, సరుకు దానికింద, వెనుక ఇల్లు దీనికింద పెట్టించి, రెండు దరఖాస్తుల్లోనూ ఏ భాగం దేనికి వాడుతున్నారో రాయించండి. కొట్టు సంగతి చెప్పకుండా మొత్తం ఇల్లుగా చూపిస్తే ప్రీమియంలో మిగిలేది కొద్దిగా ఉంటుంది. నూనె డబ్బాల నుంచి నిప్పు లేచినప్పుడు కంపెనీకి దొరికే సాకు మాత్రం చాలా పెద్దది.

ప్రశ్న: ఉరుములు మెరుపులతో గాలివాన వచ్చిన రాత్రి మా ఫ్రిజ్, ఇన్వర్టర్ కాలిపోయాయి. ఇంటి బీమా ఉంది. షార్ట్ సర్క్యూట్ వల్ల జరిగిందని చెప్పి కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. ఇక చేయగలిగింది ఏమీ లేదా?
— ఒక పాఠకుడు, కావలి

సమాధానం: ఉంది. ముందు తిరస్కరణ లేఖను జాగ్రత్తగా చదవండి. విద్యుత్ పరికరం తనలో తాను వేడెక్కి గాని, వోల్టేజీ పెరిగి గాని, షార్ట్ సర్క్యూట్ వల్ల గాని పాడైతే, దానికి మూలం పిడుగే అయినా, ఆ ఒక్క పరికరానికి పరిహారం లేదు. దాని నుంచి మంటలు లేచి పక్కనున్న చెక్క బీరువా తగలబడితే ఆ బీరువాకు ఉంటుంది. పిడుగు నేరుగా తాకడం మాత్రం పాలసీ పేరుపెట్టి చెప్పిన ప్రమాదం. కాబట్టి మీ కేసు మొత్తం ఆ రాత్రి పిడుగు నేరుగా తాకిందా, తీగల్లో వోల్టేజీ పెరిగిందా అన్న ఒక్క ప్రశ్న మీద నిలుస్తుంది. పిడుగు నేరుగా పడితే గోడ మీద పగులో, టెరేస్ మీద మాడిన మచ్చో కనిపిస్తుంది. అది చూసిన పొరుగువారి నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. పరికరాలు విప్పి చూసిన మెకానిక్ చేత కారణం స్పష్టంగా రాయించుకోండి. 'బోర్డు పోయింది' అని రెండు మాటలు రాసిన బిల్లు ఎందుకూ పనికిరాదు. సర్వేయరు నివేదిక కాపీ ఇవ్వమని కంపెనీని అడగండి. ఆధారాలేవీ దొరకక, నిజంగానే వోల్టేజీ వల్ల జరిగిందని తేలితే, కంపెనీ చెప్పిందే సరి.

ఆధారాలు దొరికితే కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపి, పంపిన రుజువు దాచుకోండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్ దాని పరిధిలోనే ఉంది. రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోనక్కరలేదు, 50 లక్షల వరకు వివాదాలను వారు విచారిస్తారు. కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాది లోపల వెళ్లాలి, అదే విషయం వినియోగదారుల కమిషన్‌లోనో కోర్టులోనో నడుస్తూ ఉండకూడదు. ఫ్రిజ్, ఇన్వర్టర్ కలిపి మీ నష్టం పెద్దది కాకపోవచ్చు. అయినా ఒక కవరు, పోస్టు ఖర్చుతో తేలే పని గనుక వదులుకోవద్దనే నా సలహా. కాలిన బోర్డులను మాత్రం పాత సామాన్లవాడికి వేయకుండా అంతవరకూ అటక మీద ఉంచండి.