మొక్క కొనే ముందు నీళ్లు చూసుకో బిడ్డా

బిడ్డా,

కొత్త ఇంటి ఫొటోలన్నీ చూశాను. పడమటి గోడకు అంత పెద్ద కిటికీ పెట్టించారు, ఏప్రిల్ వచ్చాక మీ ఆయనకు తెలుస్తుందిలే దాని సంగతి. ఆ కిటికీ దగ్గర ఏం మొక్కలు పెట్టాలని అడిగావు కదా, ముందు నువ్వు చెప్పు, వాటికి ఏ నీళ్లు పోస్తావు?

నవ్వకు. ఇక్కడ నల్లగొండలో నేను స్పైడర్ ప్లాంట్లు తొమ్మిది కుండీలు పెంచాను. మూడు నెలలు కాకముందే ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే అప్పడంలా విరిగేవి. ఎండ ఎక్కువైందని లోపలికి జరిపాను, నీళ్లు చాలట్లేదేమో అని ఇంకో చెంబు పోశాను, ఎరువు కూడా వేశాను. ఎంత సేవ చేస్తే అంత మాడాయి. ఒకరోజు కుండీ అంచుకు తెల్లగా పేరుకున్న ఉప్పును గోటితో గీకుతుంటే వెలిగింది నాకు, ఇది ఎండ పని కాదు, బోరు పని అని. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు, మన దిక్కు చాలా బోర్లు అది ఎప్పుడో దాటేశాయి. మనుషుల ఎముకలనే వంచిన నీళ్లు ఆకును వదులుతాయా? ఆకులో నుంచి నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడ్ మాత్రం కొసల్లోనే మిగిలిపోతుంది, అందుకే ముందు కొస కాలుతుంది.

స్పైడర్ ప్లాంట్, డ్రసీనా, పీస్ లిల్లీ, అరేకా పామ్, ఇవన్నీ ఈ విషయంలో సుకుమారం మొక్కలు. నర్సరీవాడు చెప్పడు. నీళ్లు రాత్రంతా బకెట్లో పెట్టినా, మరగబెట్టినా క్లోరిన్ పోతుందేమో గానీ ఫ్లోరైడ్ పోదు. ఇంకా ఘోరం ఏంటంటే, వృథా పోతున్నాయి కదా అని ఆర్వో మిషన్ నుంచి బయటికొచ్చే నీళ్లు మొక్కలకు పోస్తారు, ఫిల్టర్ తీసేసిన ఉప్పంతా ఉండేది అందులోనే! ఈ మొక్కలకు వాన నీళ్లు పట్టి పెట్టు, డాబా మీద మొదటి వాన కడిగి పోయాక రెండో వాన నుంచి గోలెం నింపుకో. కృష్ణా నీళ్లు నల్లాలో వస్తే అవి పర్వాలేదు. ఎండకాలం ఏసీ పైపు నుంచి కారే నీళ్లున్నాయి చూడు, అవి బంగారం, గాలిలో తేమే చల్లబడి నీరవుతుంది కాబట్టి అందులో ఉప్పూ ఉండదు, ఫ్లోరైడూ ఉండదు. సూపర్ ఫాస్ఫేట్ ఎరువు వీటి దగ్గరికి రానీకు, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

ఇక ఎండ. మొక్కలు కొనకముందే ఒక ఆదివారం పొద్దున, మధ్యాహ్నం, నాలుగింటికి హాల్లో ఎండ ఎక్కడిదాకా వస్తుందో సుద్దముక్కతో గచ్చు మీద గీత గీసుకో. కానీ ఆ గీత ఏడాదంతా ఉండదు. డిసెంబర్‌లో సూర్యుడు దక్షిణం దిక్కు కిందికి ఉంటాడు కాబట్టి దక్షిణం కిటికీలోంచి ఎండ గది మధ్య దాకా వస్తుంది. మే రెండో వారానికి మన నెత్తి మీదికొచ్చి, అక్కడి నుంచి ఆగస్టు మొదలయ్యేదాకా మిట్టమధ్యాహ్నం కొంచెం ఉత్తరానికే ఉంటాడు, అప్పుడు దక్షిణం కిటికీలో నేరుగా ఎండే పడదు. పడమటి కిటికీ మాత్రం ఎప్పుడూ కాలుతుంది. దానికి ఆనుకొని క్రోటన్, అడెనియం, కలబంద పెట్టు, క్రోటన్‌కు ఆ ఎండ ఉంటేనే రంగు తేలుతుంది. నాలుగడుగులు ఇవతల మనీ ప్లాంట్, సింగోనియం, రబ్బర్ మొక్క. (మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూశావుగా, రబ్బర్ మొక్క దాని చుట్టమే, కాబట్టి కుండీ చిన్నదే ఇవ్వు.) కిటికీకి మందం పరదా వద్దు, నీ దగ్గర మెత్తబడ్డ పోచంపల్లి నూలు చీర ఏదైనా ఉంటే కట్టు, వెలుతురు వస్తుంది, కాక రాదు.

మీ మిర్యాలగూడలో చుట్టూ వరి, పైగా ఇంట్లో కూలర్, కిటికీలు మూస్తే సాయంత్రానికి గోడలు కూడా చెమటపడతాయి. అంత తేమలో రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. వేలు రెండో గణుపు దాకా మట్టిలో గుచ్చి చూడు, పొడిగా ఉంటేనే పోయి. కూలర్ గాలి సూటిగా తగిలే చోట ఏదీ పెట్టకు. మట్టి బిగుసుకోకుండా మిల్లు నుంచి నల్లగా కాలిన ఊక తెప్పించుకో, తెల్ల బూడిద కాదు సుమా, మూడు పాళ్ల మట్టికి ఒక పాలు కలుపు. అదే మిల్లు దుమ్ము ఆకుల మీద పేరుకుంటుంది, వారానికోసారి తడిబట్టతో తుడువు. తుడిచేటప్పుడే ఆకు మొదట్లో దూదిలా తెల్లగా కనిపిస్తే అది పిండినల్లి, లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి ఎండ తగ్గాక కొట్టు.

అందం గురించి పెద్దగా ఆలోచించకు. మూలకొకటి పెడితే కాపలావాళ్లలా ఉంటాయి. మూడింటిని ఒకచోట చేర్చు, రబ్బర్ మొక్క నేల మీద, క్రోటన్ పీట మీద, మనీ ప్లాంట్ పైనుంచి వేలాడుతూ. మీ గోడ లేతాకుపచ్చ కదా, దాని ముందు పచ్చ ఆకు పెడితే కనపడదు, ఎర్ర క్రోటన్ పెట్టు. అత్తమ్మ ఇచ్చిన ఇత్తడి గుండిగ అటక మీద ఎందుకు? దించి కిటికీ పక్కన పెట్టు, కానీ అందులో నేరుగా మట్టి పోయకు, అడుగున బెజ్జం లేదు, ప్లాస్టిక్ కుండీ లోపల దించి, నీళ్లు పోసిన అరగంటకు ఎత్తి అడుగున నిలిచిన నీళ్లు పారబోయి. మర్చిపోతే ఇత్తడి చిలుము పట్టడమే కాదు, దోమలు పెడతాయి గుడ్లు.

చంటోడు పాకుతున్నాడు కాబట్టి డంబ్ కేన్ మొక్క ఎవరిచ్చినా తీసుకోకు, ఆ ఆకు కొరికితే నాలుక వాస్తుంది. మనీ ప్లాంటూ అంతే, అందుకే పైన వేలాడదీయమన్నాను.

వచ్చే ఆదివారం మా ఇంటి మనీ ప్లాంట్ కొమ్మలు నాలుగు, సింగోనియం రెండు తడిగుడ్డలో చుట్టి తెస్తాను, అప్పటిదాకా నర్సరీకి పోకు. ఏసీ పైపు కింద మాత్రం ఈ రోజే బకెట్ పెట్టు.

మీ పెద్దమ్మ