లినక్స్‌కి ప్రింటర్ కొనేటప్పుడు డబ్బా మీద ఏ మాట వెతకాలి?

ఇంట్లో లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్), పదిహేను వేల బడ్జెట్, నెలకి ముప్పై నలభై పేజీలు, ఎక్కువగా నలుపే, అప్పుడప్పుడు స్కాన్, తెలుగు ఒత్తులు చెదరకూడదు. మీరు అడిగింది ఇదే కదండీ. ఇదే అవసరానికి నేను ఒకసారి తప్పు ప్రింటర్ కొన్నాను. ముందు ఆ ముచ్చటే చెప్తాను.

తెలిసినాయన ఆఫీసు ఖాళీ చేస్తూ చిన్న లేజర్ ప్రింటర్ మూడు వేలకిచ్చారు. విండోస్‌లో శుభ్రంగా పనిచేసేది. మా మింట్‌కి తగిలిస్తే పేరు కనిపించింది గానీ, ప్రింట్ కొడితే పచ్చ లైటు రెండుసార్లు మిణుకుమని ఆగిపోయింది. కాగితం కదిలితే ఒట్టు. రెండు రాత్రులు కూర్చుని పాత డ్రైవర్ (కంప్యూటర్‌కీ ప్రింటర్‌కీ మధ్య దుబాసీలాంటి సాఫ్ట్‌వేర్), దానికి కావాల్సిన 32 బిట్ లైబ్రరీలు ఎక్కించి ఎలాగో నడిపించాను. ఆర్నెల్లకి మింట్ అప్‌గ్రేడ్ చేస్తే మళ్ళీ మొదటికొచ్చింది. అదీ ఎప్పుడు బయటపడింది? మా అమ్మాయి ఎంసెట్ రోజు పొద్దున్నే (పేరు ఈఏపీసెట్‌గా మారినా మా ఇంట్లో ఇంకా ఎంసెట్టే). హాల్‌టికెట్ కోసం ఏడింటికి వెళ్ళి జిరాక్స్ షాపు షట్టర్ బాదాను.

చవక లేజర్లలో చాలావాటికి సొంత బుర్ర ఉండదు. పేజీని చుక్కలుగా మార్చే పనంతా కంప్యూటర్‌లో డ్రైవరే చేసి, ఆ కంపెనీకే తెలిసిన భాషలో పంపాలి. ఆ డ్రైవర్ విండోస్‌కే ఉంటే మనం చేయగలిగేది పెద్దగా ఉండదు.

దీన్ని మార్చింది ఫోన్లు. ఫోన్‌లో ఒక్కో ప్రింటర్‌కి ఒక్కో డ్రైవర్ ఎక్కించలేం కదా. అందుకని 2010లో ఆపిల్ ఎయిర్‌ప్రింట్ తెచ్చింది: ప్రింటరే తన వివరాలు చెప్పుకుని, అందరికీ తెలిసిన ఫార్మాట్‌లో పేజీ తీసుకుంటుంది. దాని అడుగున ఉన్నది ఐపీపీ, అంటే కంప్యూటర్, ప్రింటర్ మాట్లాడుకునే ఉమ్మడి భాష. లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్ మాట్లాడేదీ అదే. అందుకే డబ్బా మీద లినక్స్ అనే మాట కోసం వెతక్కండి. ఎయిర్‌ప్రింట్ గానీ, ఐపీపీతో డ్రైవర్ లేకుండా పనిచేస్తుందని చెప్పే ఐపీపీ ఎవ్రీవేర్ గానీ ఉందేమో చూడండి. "మా యాప్‌తో ఫోన్ నుంచి ప్రింట్" అని మాత్రమే రాసుంటే అది లెక్కలోకి రాదు, ఆ యాప్ లోపల ఏ భాషలో పంపుతోందో మనకేం తెలుసు?

రెండోసారి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళాను. "లినక్స్‌కి సపోర్ట్ ఉండదు సార్" అన్నాడు షాపు కుర్రాడు. డెమో ప్రింటర్‌ని నా ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపమన్నాను, ల్యాప్‌టాప్ కూడా దానికే కలిపాను. ప్రింట్ బాక్స్ తెరిస్తే ప్రింటర్ పేరు దానంతటదే జాబితాలో ఉంది. పేజీ వచ్చింది. "సీడీ వెయ్యలేదేంటి సార్?" అన్నాడు. అదే కొన్నాను: స్కానర్, వైఫై ఉన్న బ్రదర్ కంపెనీ మోనో (నలుపు మాత్రమే) లేజర్. మోడల్ పేరు చెప్పను, మీరు కొనేసరికి అది షాపుల్లో ఉండకపోవచ్చు.

ఇంక్ ట్యాంకులో పేజీ ఖర్చు తక్కువే, రంగులు కావాలంటే అదే మేలు. కానీ నెలకి ముప్పై పేజీలంటే కొన్ని వారాలు అసలు ముట్టుకోరు. పక్కింటివాళ్ళు వేసవి సెలవులకి ఊరెళ్ళొచ్చేసరికి నాజిళ్ళు ఎండిపోయాయి, హెడ్ క్లీనింగ్‌కే బోలెడు ఇంక్ పోయింది. టోనర్ పొడి కాబట్టి ఆ బాధ లేదు. ఒకటి మాత్రం: లేజర్ వేడెక్కేటప్పుడు కరెంటు బాగా లాగుతుంది, చిన్న యూపీఎస్‌కి పెట్టకండి.

వైఫై లేని యూఎస్‌బీ మోడలే దొరికితే కంపెనీని బట్టి చూసుకోవాలి. బ్రదర్ వాళ్ళు లినక్స్‌లో ఎక్కించుకునే డెబ్, ఆర్‌పీఎం ప్యాకేజీలుగా డ్రైవర్లిస్తారు. హెచ్‌పీకి హెచ్‌పీలిప్ అనే లినక్స్ డ్రైవర్ల సాఫ్ట్‌వేర్ ఉంది, కానీ కొన్ని మోడళ్ళకి విడిగా ప్లగిన్ కూడా దించుకోవాలి, ముందే చూసుకోండి.

తెలుగుకి ప్రింటర్‌తో పేచీ లేదండి. లిబ్రేఆఫీస్‌లో నోటో లేదా మండలి ఫాంట్‌తో టైప్ చేసి పీడీఎఫ్‌గా మార్చి కొట్టండి, ఒత్తులు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. డీటీపీ వాళ్ళు అను ఫాంట్లలో చేసిన శుభలేఖ లాంటివైతే ఫైల్ కాకుండా పీడీఎఫ్ అడిగి తీసుకోండి. ఆ ఫాంట్ మన దగ్గర లేకపోతే ఫైల్‌లో వచ్చేది గజిబిజే.

ప్రింటర్ ఉన్నట్టుండి కనిపించకపోతే ల్యాప్‌టాప్ పొరపాటున రౌటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్‌కి (అతిథుల కోసం విడిగా ఉండే వైఫై) కలిసిందేమో చూడండి. నేను ఓ గంట కొట్టుకున్నది దానికే.

మీ మింట్ వెర్షన్ రాయలేదు. 21 గానీ ఆపైన గానీ అయితే డ్రైవర్ లేకుండా యూఎస్‌బీలో నడిపే ఐపీపీ యూఎస్‌బీ, స్కానింగ్‌కి సేన్ ఎయిర్‌స్కాన్ దాంతోపాటే వస్తాయి. ఒక్కోసారి పాత ప్రింటర్లకి అవే అడ్డం. అప్పుడు ఆ రెండూ తీసేసి, కంపెనీ డ్రైవర్ ఎక్కించి, ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి.