పియోనీలు వేయబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలూ,

నెదర్లాండ్స్ వెళ్లి, లైడెన్‌లో చదువుతూనే పూల బొమ్మలు మొదలుపెట్టానని రాశావు. చాలా సంతోషం. నువ్వు పంపిన గులాబీని చాలాసేపు చూశాను. రేకులన్నీ లెక్క తప్పకుండా ఉన్నాయి కానీ, ఆ పువ్వుకు బరువు లేదు. దాన్ని చేతిలోకి తీసుకోవాలనిపించలేదు.

ఈ పని నేర్పగలిగిన మనిషి మీ ఊరివాడే. ఫ్లోరిస్ వెర్‌స్టర్ 1861లో లైడెన్‌లో పుట్టి, 1927లో అక్కడే కన్నుమూశాడు. డచ్ ఇంప్రెషనిస్టుల్లో, అంటే వివరాలకన్నా వెలుతురునూ రంగునూ పట్టుకోవాలని చూసిన చిత్రకారుల్లో, ఆలస్యంగా వచ్చినవాడు. ఆయన చిత్రాలు మీ ఊరి లాకెన్‌హాల్ మ్యూజియంలో ఉన్నాయి. 1890కి అటూ ఇటూగా వేసిన పూలను వెతికి చూడు. పెద్ద కాన్వాసులు, వెడల్పు కుంచె, మందపాటి రంగు. అక్కడ రేకులు లెక్కపెట్టడానికి కుదరదు, ప్రయత్నించకు. కళ్లు సగం మూసి, ఎక్కడ ముదురు, ఎక్కడ లేత అన్నది మాత్రం చూసి, పెన్సిలుతో చిన్న కాగితం మీద గుర్తు పెట్టుకో.

మే నెలాఖరుకు సంతలో పియోనీలు, ఆ రేకులు నిండిన పెద్ద పూలు, వస్తాయి. మొగ్గలూ విచ్చినవీ కలిపి కొను. పూర్వపు డచ్ చిత్రకారులు ఒక్కో పువ్వును దాని కాలంలో విడిగా గీసుకుని, తర్వాత ఒకే కూజాలో చేర్చేవారు. అందుకే వేరువేరు రుతువుల పూలు అక్కడ పక్కపక్కన కనిపిస్తాయి. నీకు అంత వ్యవధి ఉండదు. వెచ్చని గదిలో పియోనీ మూడు నాలుగు రోజులే నిలుస్తుంది. వెనక ముదురు గుడ్డ వేలాడదీసి, వెలుతురు ఒక్క కిటికీ నుంచే రానివ్వు. మొదటి గంట రేకుల జోలికి పోకు. గుత్తి మొత్తాన్ని ఒక ముద్దగా చూసి, దాని లోపలి నీడలు ముందు పెట్టు. గులాబీరంగు నీడకు నలుపు కలిపితే మట్టి అవుతుంది, కొద్దిగా ఆకుపచ్చ కలిపి చూడు. తెల్ల పువ్వునైతే బూడిదరంగుల్లోనే కట్టుకుంటూ రా. గొట్టంలోని స్వచ్ఛమైన తెలుపు, కిటికీకి ఎదురుగా ఉన్న రేకు అంచున ఒకటి రెండు చోట్ల చాలు. ముప్పై ఏళ్లు పిల్లలకు బొమ్మలు నేర్పాను. దాదాపు అందరూ ఆ తెలుపును మొదటి పది నిమిషాల్లోనే ఖర్చు చేసేస్తారు.

సన్నపు పని మీద నీకు ప్రేమ ఉందని నాకు తెలుసు. దాన్ని వదులుకోమనడం లేదు. వెర్‌స్టర్ కూడా 1892 తర్వాత మైనపు క్రేయాన్లు పట్టాడు. ఆ పైన సీసాలు, గుడ్ల వంటి చిన్న వస్తువుల ముందు ఎంతో ఓపికగా కూర్చున్నాడు. వీలు చూసుకుని అక్కడి ఓటర్‌లో అనే ఊరికి కూడా వెళ్లు. చిత్రాలు సేకరించిన హెలెన్ క్రోలర్-ముల్లర్ వెర్‌స్టర్ చిత్రాలను ఇష్టపడి కొన్నది, అవి ఆ ఊరి మ్యూజియంలో ఉన్నాయి. ఆయన చేతికి మొదట వచ్చింది ఆ వెడల్పు కుంచె. నీకూ అదే ముందు రావాలని నా కోరిక.

మూడో రోజున రేకులు బల్ల మీద రాలతాయి. నువ్వు వాటిని వెంటనే ఎత్తి పారేస్తావు, చిన్నప్పటి నుంచీ నీకు శుభ్రం ఎక్కువ. ఈసారి అలాగే ఉంచు. రాలిన రేకు లోపలివైపు ఇంకా తడిగా మెరుస్తుంటే, అంచు మాత్రం గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ రెండు రంగులూ కలిసే చోట ఎంతసేపైనా కూర్చో. ఆ రోజు వేసిందే నాకు పంపు, పూర్తికాకపోయినా సరే.

ఆశీస్సులతో,
మీ మామయ్య